అసెంబ్లీలో యూజర్ ఇన్‌పుట్‌ని అర్రేలోకి తీసుకోవాలంటే ఏ పద్ధతి మంచిది?

సీలోనో పైథాన్‌లోనో ఒకటి రెండు లైన్లలో అయిపోయే పని అసెంబ్లీలో ఇంతగా సతాయించడానికి కారణం ఉంది. పెద్ద భాషల్లో మన కంటికి కనబడకుండా మూడు పనులు జరిగిపోతుంటాయి. కీబోర్డు నుంచి బైట్లు వస్తాయి, ఆ బైట్లు సంఖ్యగా మారతాయి, ఆ సంఖ్య అర్రేలో, అంటే వరసగా ఉన్న మెమరీ గదుల్లో, తన చోటికి చేరుతుంది. అసెంబ్లీలో ఈ మూడూ మన నెత్తినే పడతాయి. ఇక్కడ పోల్చబోయే పద్ధతుల మధ్య అసలు తేడా కూడా అదే: ఈ మూడింట్లో ఏది ఎన్ని పనులు తన మీద వేసుకుంటుంది, ఎన్ని మనకి వదిలేస్తుంది అని.

చాలామంది తక్కువ లైన్లు పట్టే పద్ధతిని ఎంచుకుంటారు. నేనైతే ఏ పద్ధతి చూసినా ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. యూజర్ నొక్కిన ఎంటర్ ఎక్కడికి పోతుంది? లూప్ లెక్కపెట్టుకునే రిజిస్టర్, అంటే ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ చోటు, ఇన్‌పుట్ అడిగే కాల్ అయ్యాక కూడా చెక్కుచెదరకుండా ఉంటుందా? అర్రే నింపే ప్రోగ్రాముల్లో గంటల తరబడి వెతికించే తప్పులు ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే పుడతాయి. కాబట్టి పద్ధతుల్ని వాటితోనే కొలుద్దాం.

అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది అర్రేలో ఏముండాలి అన్నది. పేరు, వాక్యం లాంటి అక్షరాలైతే వచ్చిన బైట్లు వచ్చినట్టే ఉంచుకోవచ్చు, మార్చే పనే లేదు. సంఖ్యలైతే ఒక్కో గది ఎన్ని బైట్లో ముందే నిర్ణయించుకోవాలి: 1, 2, 4 లేదా 8. ఆ నిర్ణయం డిక్లరేషన్‌లోనూ, చదివే చోటా, ఇండెక్స్ కట్టే చోటా ఒకేలా ఉండాలి. ఒక్క చోట తేడా వస్తే చాలు. అదెలా దెబ్బకొడుతుందో సీ లైబ్రరీలోని స్కాన్‌ఎఫ్ దగ్గర చూపిస్తాను.

డాస్, 8086 ఎమ్యులేటర్ల మీద

కాలేజీ ల్యాబుల్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది ఇంట్ 21హెచ్, అంటే పాత ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ సేవల్ని పిలిచే ఇన్‌స్ట్రక్షన్. ఏహెచ్ రిజిస్టర్‌లో 1 పెట్టి పిలిస్తే ఒక్క కీ చదివి ఏఎల్ రిజిస్టర్‌లో ఇస్తుంది, తెర మీద కూడా చూపిస్తుంది. ఎంటర్ నొక్కితే 13 వస్తుంది, దాంతో పోల్చి లూప్ ఆపేయొచ్చు. అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా తేలికైనది లేదు. అయితే బ్యాక్‌స్పేస్ కూడా దీనికి మామూలు కీనే. యూజర్ తప్పు అక్షరం కొట్టి చెరిపేశాననుకుంటాడు. మీ అర్రేలో మాత్రం ఆ తప్పు అక్షరమూ ఉంటుంది, దాని పక్కనే 8 అనే బైటూ ఉంటుంది. ఒక్కో గదికి ఒకే అంకె, ఒకే అక్షరం అన్న చిన్న ఎక్సర్‌సైజులకి ఇది సరిపోతుంది. అంతకు మించి నేను సిఫారసు చేయను.

మొత్తం లైన్ కావాలంటే అదే ఇంట్ 21హెచ్‌లో ఫంక్షన్ 10 (ఏహెచ్‌లో 10) మేలు. బ్యాక్‌స్పేస్ సంగతి డాసే చూసుకుంటుంది. దీని బఫర్ అమరిక మాత్రం సరిగ్గా పట్టుకోవాలి. మొదటి బైట్‌లో గరిష్ఠ పరిమితి మనం రాయాలి, అందులో ఎంటర్‌కి కూడా చోటు లెక్కేయాలి. రెండో బైట్‌లో ఎన్ని అక్షరాలు వచ్చాయో డాస్ రాస్తుంది, ఈ లెక్కలో ఎంటర్ ఉండదు. అసలు అక్షరాలు మూడో బైట్ నుంచి మొదలై, చివర 13తో ముగుస్తాయి. అంటే 20 అక్షరాలు కావాలంటే మొదటి బైట్‌లో 21 రాసి, మొత్తం 23 బైట్లు కేటాయించాలి. పరిమితి ఒక్క బైట్ కాబట్టి ఒకేసారి 254 అక్షరాలకు మించి రావు. ఇంకో చిన్న సంగతి: ఎంటర్ కొట్టాక కర్సర్ అదే లైన్ మొదటికి వస్తుంది తప్ప కింది లైన్‌కి దిగదు. తర్వాత మీరు ప్రింట్ చేసేది యూజర్ టైప్ చేసిన దాని మీదే పడుతుంది. దీన్ని చూసి ఇన్‌పుట్ రాలేదేమో అని కంగారు పడతారు. ఇన్‌పుట్ భేషుగ్గా వచ్చే ఉంటుంది, 13, 10 ప్రింట్ చేస్తే సరిపోతుంది.

ఎమ్యూ8086 వాడేవాళ్లకి దాని ఇన్‌క్లూడ్ ఫైల్‌లో స్కాన్_నమ్ అనే ప్రొసీజర్ దొరుకుతుంది. ఎక్కువ అంకెలున్న సంఖ్యని, మైనస్ గుర్తుతో సహా, చదివి మార్చి సీఎక్స్‌లో పెడుతుంది. చదవడం, మార్చడం రెండూ అదే చేసేస్తోంది కాబట్టి అందరూ దీనికే మొగ్గుతారు. సరిగ్గా అక్కడే నా రెండో ప్రశ్న పనికొస్తుంది. లూప్ ఇన్‌స్ట్రక్షన్ లెక్క పెట్టుకునేది కూడా సీఎక్స్‌లోనే. 5 సంఖ్యలు చదవాలని సీఎక్స్‌లో 5 పెడతారు, యూజర్ మొదటి సంఖ్యగా 100 ఇస్తాడు, ఇక లూప్ ఇంకా 99 సార్లు తిరగాలనుకుంటుంది. కాల్‌కి ముందు సీఎక్స్‌ని స్టాక్ (తాత్కాలిక నిల్వ మెమరీ) మీదికి పుష్ చేసి, సంఖ్యని అర్రేలో దాచుకున్నాక పాప్‌తో వెనక్కి తెచ్చుకుంటే ఈ తప్పు పోతుంది. లూప్ ఇన్‌స్ట్రక్షన్ జోలికే పోకుండా డీఐ లాంటి రిజిస్టర్‌ని ఇండెక్స్‌గా పెట్టుకుని పోల్చుకోవడం ఇంకా మేలు. 8086లో ఇండెక్స్‌ని 2తోనో 4తోనో గుణించే అడ్రసింగ్ లేదు కాబట్టి 2 బైట్ల గదులైతే ఇండెక్స్‌కి ప్రతిసారీ 2 కలుపుతూ పోవాలి.

లినక్స్‌లో నేరుగా కెర్నల్‌ని అడగడం

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, దాన్ని ఒక పని అడగడమే సిస్టమ్ కాల్. 64 బిట్ లినక్స్‌లో రీడ్ అనేది సిస్టమ్ కాల్ నంబర్ 0. ఆర్‌ఏఎక్స్‌లో 0, ఆర్‌డీఐలో స్టాండర్డ్ ఇన్‌పుట్ కోసం ఇంకో 0, ఆర్‌ఎస్‌ఐలో బఫర్ అడ్రస్, ఆర్‌డీఎక్స్‌లో పొడవు పెట్టి సిస్‌కాల్ అనాలి. ఎన్ని బైట్లు వచ్చాయో ఆర్‌ఏఎక్స్‌లో తెలుస్తుంది. ఇన్‌పుట్ అయిపోతే 0, పొరపాటు జరిగితే రుణ సంఖ్య. ఎంటర్ ఇక్కడ 10గా బఫర్‌లోకి వస్తుంది, లెక్కలో కూడా కలుస్తుంది. చివర సున్నా బైట్ ఎవరూ పెట్టరు, కావాలంటే మనమే పెట్టుకోవాలి.

పాత 32 బిట్ పద్ధతిలో అదే రీడ్ నంబర్ 3, పిలిచేది ఇంట్ 80 హెక్స్‌తో. నెట్‌లో దొరికే ఉదాహరణలు చాలావరకు ఈ పాతవే. వాటిని తెచ్చి 64 బిట్ ప్రోగ్రాంలో అతికిస్తే కొన్నిసార్లు పనిచేస్తాయి కూడా. అదే ఇబ్బంది. ఆ దారిలో అడ్రస్‌లో కింది 32 బిట్లే కెర్నల్‌కి చేరతాయి. బఫర్ స్టాక్ మీద ఉంటే అడ్రస్ అంతకన్నా పెద్దది కాబట్టి ఇన్‌పుట్ రాదు, చేతికి మైనస్ 14, అంటే తప్పుడు అడ్రస్ అన్న ఎర్రర్, వస్తుంది. 64 బిట్‌లో రాస్తున్నప్పుడు సిస్‌కాల్ మాత్రమే వాడండి.

రెండో ప్రశ్నకి సమాధానం ఇక్కడ కూడా అంత బాగోలేదు. సిస్‌కాల్ ఇన్‌స్ట్రక్షన్ ఆర్‌సీఎక్స్‌నీ ఆర్11నీ చెరిపేస్తుంది. అంటే లూప్ ఇన్‌స్ట్రక్షన్ ఇక్కడా పనికిరాదు. ఆర్‌బీఎక్స్‌నో ఆర్12నో లెక్కకి పెట్టుకోండి.

కొత్తవాళ్లు ఈ రీడ్‌ని ఎలా వాడి చిక్కుల్లో పడతారో దగ్గరగా చూద్దాం. అర్రేలో ఒక్కో గదికి ఒక్కో రీడ్ అని లూప్ రాస్తారు, పొడవు 1 ఇస్తారు. యూజర్ 5 కొట్టి ఎంటర్, 7 కొట్టి ఎంటర్ నొక్కుతాడు. అర్రేలో 5, 7 ఉంటాయనుకుంటే నిజంగా ఉండేవి 53, 10, 55, 10. అంకెలు ఆస్కీ (అక్షరాల కోడ్) రూపంలో ఉన్నాయి, మధ్యలో ఎంటర్లు గదులు ఆక్రమించాయి. సరే, ఎంటర్‌ని కూడా మింగేద్దామని పొడవు 2 ఇస్తారు. ఒక్క అంకె ఉన్నంతసేపూ అద్భుతంగా నడుస్తుంది. ఎవరో 12 అని కొడతారు. 49, 50 వస్తాయి, 10 లోపలే మిగిలిపోతుంది. తర్వాతి రీడ్ యూజర్ కోసం ఆగకుండా ఆ మిగిలిన 10ని పట్టుకుని వెంటనే తిరిగొచ్చేస్తుంది. యూజర్‌కి కనిపించేది ఏమిటంటే, తనని అడగకుండానే ఒక సంఖ్య దాటిపోయింది. పొడవుని 1 నుంచి 2కీ, 2 నుంచి 3కీ మార్చుకుంటూ పోతే ఇది ఎప్పటికీ తెగదు.

మిగిలిపోయిన బైట్లు ప్రోగ్రాం ముగిశాక కూడా ఎక్కడికీ పోవు. మీరు చదవకుండా వదిలేసిన ముక్కని షెల్ (కమాండ్లు తీసుకునే ప్రోగ్రాం) చదువుకుని కమాండ్‌గా నడపాలని చూస్తుంది. టైప్ చేసింది మామూలు అంకెలైతే ఒక ఎర్రర్ మెసేజ్‌తో పోతుంది, వేరే ఏదైనా అయితే చెప్పలేం.

అందుకే నా గట్టి సలహా: పెద్ద బఫర్ ఒకటి పెట్టుకుని లైన్ మొత్తం ఒకే రీడ్‌తో తీసుకోండి, ఆ తర్వాత తీరిగ్గా విడగొట్టుకోండి. టెర్మినల్ మామూలు మోడ్‌లో ఒక లైన్‌ని ఎంటర్‌తో కలిపి 4096 బైట్ల వరకే ఉంచుకుంటుంది కాబట్టి ఆ సైజు బఫర్ కీబోర్డు ఇన్‌పుట్‌కి సరిపోతుంది. ఫైల్ నుంచో పైప్ (ఇంకో ప్రోగ్రాం అవుట్‌పుట్) నుంచో వచ్చే ఇన్‌పుట్‌కి ఈ భరోసా లేదు. అక్కడ ఒక్క రీడ్‌లో సగం లైన్ రావచ్చు, పది లైన్లూ రావచ్చు. రీడ్ 0 ఇచ్చేదాకా తిరుగుతూ పోగేసుకోవాలి.

విడగొట్టడం కష్టమేమీ కాదు. యూజర్ 12 30 7 అని స్పేస్‌లతో కొట్టాడనుకోండి. బఫర్‌లో 49, 50, 32, 51, 48, 32, 55, 10 అని 8 బైట్లుంటాయి. ఒక రిజిస్టర్‌ని సున్నా చేసుకుని మొదలెడతాం. బైట్ 48 నుంచి 57 లోపు ఉంటే అది అంకె. ఉన్న విలువని 10తో గుణించి, బైట్ లోంచి 48 తీసేసి కలుపుతాం. 49 చూడగానే విలువ 1, 50 చూడగానే 12. 32 రాగానే ఆ 12ని అర్రేలో పెట్టి, ఇండెక్స్ పెంచి, మళ్లీ సున్నా నుంచి. మైనస్ గుర్తు 45, అది కనిపిస్తే గుర్తుపెట్టుకుని చివర్లో నెగ్ ఇన్‌స్ట్రక్షన్‌తో గుర్తు మారిస్తే చాలు. రెండు చోట్ల జాగ్రత్త. రెండు స్పేస్‌లు పక్కపక్కన ఉంటే రెండో స్పేస్ దగ్గర లేని సున్నా ఒకటి అర్రేలోకి దూరుతుంది. ఒక్క అంకైనా చూశామా లేదా అని ఒక ఫ్లాగ్ పెట్టుకోవాలి. ఫైల్ చివర ఎంటర్ లేకపోతే ఆఖరి సంఖ్య తర్వాత స్పేస్‌గానీ 10గానీ రాదు కాబట్టి ఆ సంఖ్య అర్రే దాకా చేరకుండానే పోతుంది. బైట్లు అయిపోవడాన్ని కూడా స్పేస్ వచ్చినట్టే లెక్కించాలి.

ఆర్మ్ ప్రాసెసర్ల మీద కూడా కథ ఇదే. 64 బిట్ ఆర్మ్ లినక్స్‌లో రీడ్ నంబర్ 63, అది ఎక్స్8లో పెడతాం, పిలిచేది ఎస్‌వీసీ 0తో. విడగొట్టే తర్కం అణువంత కూడా మారదు.

స్కాన్‌ఎఫ్‌ని పిలిస్తే

చదవడం, మార్చడం, దాచడం మూడూ ఒకే కాల్‌లో కావాలంటే సీ లైబ్రరీలోని స్కాన్‌ఎఫ్. లినక్స్ 64లో ఆర్‌డీఐలో ఫార్మాట్ స్ట్రింగ్ అడ్రస్, ఆర్‌ఎస్‌ఐలో అర్రే గది అడ్రస్ ఇవ్వాలి. ఇచ్చేది విలువ కాదు, అడ్రస్. ఏఎల్‌ని సున్నా చేయాలి, ఎందుకంటే ఇలాంటి ఫంక్షన్లకి ఎన్ని వెక్టర్ రిజిస్టర్లు వాడామో అందులో చెప్పాలన్నది ఒప్పందం. కాల్ చేసే క్షణానికి స్టాక్ పాయింటర్ 16తో నిశ్శేషంగా భాగించబడాలి. మెయిన్‌లోకి అడుగుపెట్టినప్పుడు అది 8 తేడాతో ఉంటుంది. మొదటి లైన్‌లోనే ఆర్‌బీఎక్స్‌ని పుష్ చేస్తే రెండు పనులూ జరుగుతాయి: అలైన్‌మెంట్ సరిపోతుంది, లెక్క పెట్టుకోవడానికి ఆర్‌బీఎక్స్ చేతికొస్తుంది. కాల్ తర్వాత ఆర్‌బీఎక్స్, ఆర్‌బీపీ, ఆర్12 నుంచి ఆర్15 వరకు భద్రం. మిగతావేవీ నమ్మకండి.

ఎంటర్ సంగతి? పర్సెంట్ డీ (సంఖ్య చదవమని చెప్పే ఫార్మాట్) దాన్ని చదవకుండా వదిలేస్తుంది, తర్వాతి పర్సెంట్ డీ వచ్చి దాటేస్తుంది. సంఖ్యలు వరసగా చదువుతున్నంతసేపూ అసలు పట్టించుకోనక్కర్లేదు. మధ్యలో పర్సెంట్ సీతో ఒక అక్షరం చదివితే మాత్రం ముందు ఆ ఎంటరే చేతికొస్తుంది. ఫార్మాట్‌లో పర్సెంట్ సీకి ముందు ఒక స్పేస్ పెడితే పోతుంది.

ఇక ముందు చెప్పిన గది సైజు గొడవ. పర్సెంట్ డీ ఎప్పుడూ 4 బైట్లు రాస్తుంది. మీ అర్రే 5 బైట్లది, ఒక్కో గది 1 బైట్, దాని వెనకే కౌంట్ అనే 4 బైట్ల వేరియబుల్, అందులో 5 ఉంది అనుకుందాం. మొదటి సంఖ్య చదివితే తర్వాతి మూడు గదుల్లో కూడా సున్నాలు పడతాయి, కానీ రెండో సంఖ్య వచ్చి తన గదిని సరిచేసుకుంటుంది. అలా చూడ్డానికి అంతా సరిగ్గానే నడుస్తుంది. మూడో సంఖ్య దగ్గరే మిగులు సున్నాల్లో చివరిది అర్రే దాటి కౌంట్ మొదటి బైట్ మీద పడుతుంది. కౌంట్ 5 కాస్తా 0 అయిపోతుంది. ఇప్పుడు ప్రింట్ చేసే లూప్ ఆ కౌంట్‌ని ఈసీఎక్స్‌లోకి తెచ్చుకుని లూప్ ఇన్‌స్ట్రక్షన్‌తో తిరిగితే, సున్నా నుంచి ఒకటి తీసేసి లెక్కలేనన్ని సార్లు తిరగాలనుకుంటుంది, అర్రే దాటి పోయి ఎక్కడో కూలిపోతుంది. తప్పు చదివే చోట ఉంది, కూలింది ప్రింట్ చేసే చోట. ఇలాంటిది దొరకబట్టడానికి ఎంత టెన్షన్ పడాలో పడ్డవాళ్లకి తెలుసు. 4 బైట్ల గదులకి పర్సెంట్ డీ, 8 బైట్లకి పర్సెంట్ ఎల్‌డీ. అడ్రస్‌లో ఆర్‌బీఎక్స్ ఇంటూ 4 అనో 8 అనో అదే సైజు ఉండాలి.

యూజర్ అంకె బదులు అక్షరం కొడితే స్కాన్‌ఎఫ్ 0 తిరిగిస్తుంది, ఆ అక్షరం అక్కడే ఉంటుంది. ఈఏఎక్స్ చూసుకోకుండా మళ్లీ అడిగితే మళ్లీ అదే అక్షరం, అదే 0. లూప్ ఆగదు. ఈఏఎక్స్ 1 కాకపోతే బయటికి రావడం తప్పనిసరి. ఇంకో మాట, ఒకే ప్రోగ్రాంలో కొంత స్కాన్‌ఎఫ్‌తో, కొంత నేరుగా రీడ్‌తో చదవకండి. పైప్ నుంచి వస్తుంటే స్కాన్‌ఎఫ్ ముందే పెద్ద ముక్క తెచ్చి తన దగ్గర ఉంచుకుంటుంది, రీడ్‌కి ఏమీ మిగలదు.

విండోస్ మీద అసెంబ్లీ రాసేవాళ్లకి నేరుగా కెర్నల్‌ని అడిగే దారి ఆచరణలో లేదు, ఆ నంబర్లు వెర్షన్‌ని బట్టి మారుతుంటాయి. స్కాన్‌ఎఫ్ అయితే అక్కడ ఆర్గ్యుమెంట్లు ఆర్‌సీఎక్స్, ఆర్‌డీఎక్స్‌లలో వెళ్తాయి, పైగా స్టాక్ మీద 32 బైట్ల ఖాళీ చోటు వదలాలి. మాసమ్ (మైక్రోసాఫ్ట్ అసెంబ్లర్)తో 32 బిట్ కోర్సు చేస్తున్నవాళ్లకి ఇర్విన్32 లైబ్రరీలోని రీడ్‌ఇంట్ హాయిగా ఉంటుంది. ఎంటర్‌ని మింగేస్తుంది, సంఖ్యని ఈఏఎక్స్‌లో ఇస్తుంది, ఈసీఎక్స్‌ని ముట్టుకోదు. తప్పు ఇన్‌పుట్ వస్తే ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ పెడుతుంది. ఇప్పటిదాకా చూసినవాటిలో సంఖ్యగా మార్చి ఇచ్చే పద్ధతుల్లో లూప్ ఇన్‌స్ట్రక్షన్ నిశ్చింతగా వాడుకోగలిగేది దీంతోనే.

మిప్స్, మార్స్ సిమ్యులేటర్

మిప్స్ ప్రాసెసర్‌ని అనుకరించే మార్స్‌లో వీ0 రిజిస్టర్‌లో 5 పెట్టి సిస్‌కాల్ అంటే సంఖ్య వీ0లోనే వస్తుంది, దాన్ని స్టోర్ వర్డ్‌తో అర్రేలో పెట్టి అడ్రస్‌కి 4 కలపడమే. ఎంటర్ బెడద లేదు. అక్షరం కొడితే మాత్రం ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. స్ట్రింగ్ కోసం 8 వాడితే ఎంటర్ 10గా స్ట్రింగ్‌లోనే ఉండిపోతుంది, పోల్చేముందు తీసేయాలి. అర్రేని మెసేజ్ స్ట్రింగ్ తర్వాత డిక్లేర్ చేస్తే అడ్రస్ 4 గుణిజం కాకపోవచ్చు, అప్పుడు స్టోర్ వర్డ్ ఎర్రర్ ఇస్తుంది. అర్రేకి ముందు అలైన్ 2 అని రాయండి.

మరి దేన్ని ఎంచుకోవాలి

ల్యాబ్‌లో ఏ ఎమ్యులేటర్ ఇచ్చారో దాన్ని బట్టి సగం నిర్ణయం అయిపోయినట్టే. మిగతా సగం అసైన్‌మెంట్ మీకు ఏం నేర్పాలనుకుంటోందన్న దాన్ని బట్టి ఉంటుంది. సార్టింగో, గరిష్ఠ విలువ వెతకడమో, అర్రేని తిరగేయడమో అయితే ఇన్‌పుట్ మీద ఒక సాయంత్రం ఖర్చు పెట్టడం దండగ. స్కాన్‌ఎఫ్, రీడ్‌ఇంట్, స్కాన్_నమ్, మిప్స్ సిస్‌కాల్ 5 వీటిలో మీకు అందుబాటులో ఉన్నది తీసుకుని అసలు పనిలోకి దిగండి. అసెంబ్లీనే నేర్చుకోవాలన్న పట్టుదల ఉంటే, ఒక్కసారైనా రీడ్‌తో లైన్ తెచ్చుకుని బైట్ బైట్‌గా విడగొట్టే రొటీన్ సొంతంగా రాయండి. తర్వాత ఏ ప్రాసెసర్‌కి వెళ్లినా ఆ తర్కం వెంట వస్తుంది. నాకు రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను. అక్షరాలే కావాలనుకుంటే డాస్‌లో ఫంక్షన్ 10, లినక్స్‌లో రీడ్. ఇంకేదీ వద్దు.

ఏది ఎంచుకున్నా, ఎన్ని సంఖ్యలు ఇస్తారు అని యూజర్‌ని అడిగితే ఆ జవాబుని అర్రే సైజుతో పోల్చకుండా లూప్‌లోకి పోవద్దు. ఆ పోలికకి జేజీ (గుర్తుతో పోల్చే జంప్) కాకుండా జేఏ (గుర్తు లేకుండా పోల్చే జంప్) వాడండి. గుర్తు లేని పోలికలో మైనస్ 1 బ్రహ్మాండమైన సంఖ్యగా కనిపిస్తుంది కాబట్టి మరీ పెద్దవీ, రుణ సంఖ్యలూ ఒకే చెక్‌తో ఆగిపోతాయి. ఆ తర్వాత ప్రోగ్రాంకి ఈ నాలుగూ ఇచ్చి చూడండి: ఏమీ కొట్టకుండా ఎంటర్, అంకెల మధ్య ఒక అక్షరం, బఫర్ కన్నా పొడవైన లైన్, చివర ఎంటర్ లేని ఫైల్.